అడుగులకు అరిసెలు ఎప్పుడు వండాలి: వైకల్యమున్న చిన్నపిల్లతో ఇల్లు నడుపుకునేవారికి

బోర్లా పడితే బొబ్బట్లు, పారాడితే పాలకాయలు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. పిల్లల ఎదుగుదలకు తెలుగిళ్లలో లెక్క ఇదీ. హన్మకొండలో మేము బొబ్బట్లను పోలెలు అంటాం, అంతే తేడా. మా పాప ఆరో నెలలో బోర్లా పడలేదు, పదో నెలలోనూ పడలేదు. పోలెల కోసమని మా అత్తమ్మ శనగపప్పు తెప్పించి డబ్బాలో పోసిపెట్టింది. దానికి పురుగు పట్టింది. ఒకరోజు నేను డాబా మీదికి వెళ్లేసరికి ఆ పప్పును చాప మీద ఆరబోసి, పక్కనే కూర్చుని ఏరుతోంది. ఆమె ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

పద్నాలుగో నెలలో డాక్టరు సెరిబ్రల్ పాల్సీ అన్నారు, అంటే ఎదిగే మెదడు దెబ్బతినడం వల్ల కండరాల కదలిక అదుపులో ఉండని స్థితి. ఇప్పుడు పాపకు ఆరేళ్లు. వారానికి రెండుసార్లు జరిగే అరగంట థెరపీ కన్నా, అన్నం తినడం, స్నానం, బట్టలు మార్చడం లాంటి ఇంటి పనులే పిల్లను ఎక్కువగా మారుస్తాయని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. మొదటి వారంలోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించిన సంగతులను వరుసగా రాస్తున్నాను. నా అనుభవం సెరిబ్రల్ పాల్సీది కాబట్టి దాని వాసన ఎక్కువ ఉంటుంది. డౌన్ సిండ్రోమ్, ఆటిజం, వినికిడి లోపం ఉన్న పిల్లల ఇళ్లలోనూ సగానికి పైగా పనికొస్తుంది.

1. అనుమానం వస్తే ఆగకండి

“వాళ్ల మేనమామ కూడా మూడేళ్లకే నడిచాడు” అనే మాట ప్రతి ఇంట్లో ఒకరు అంటారు. ఆ మాట విని మేము ఐదు నెలలు పోగొట్టుకున్నాం. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ఏ వయసుకు ఏం చేయాలో బొమ్మలతో ఉంటుంది. టీకాల పేజీ తప్ప మిగతాది ఎవరూ తెరవరు, తెరవండి. నాలుగు నెలలు దాటినా మెడ నిలపకపోవడం, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోవడం, ఏడాదిన్నరకు నడవకపోవడం, చప్పుడుకు తిరగకపోవడం, ఏడాది నిండకముందే ఒక చేతినే వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచడం, వీటిలో ఏది కనిపించినా చూపించాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వయసు సరిచేసి లెక్కించాలి. రెండు నెలలు ముందు పుట్టి ఇప్పుడు ఎనిమిది నెలలు నిండి ఉంటే, ఆరు నెలల బిడ్డతో పోల్చాలి. రెండేళ్ల వరకు ఈ లెక్కే.

ఎక్కడికి వెళ్లాలి? రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను చూడాలి. ఎప్పుడు వస్తుందో టీచరమ్మను అడగండి. వాళ్లు రాసిచ్చే చీటీతో జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి వెళ్లవచ్చు. బృందం కోసం ఎదురుచూడనక్కరలేదు. వరంగల్‌వాళ్లు ఎంజీఎం పిల్లల విభాగానికి, మిగతావాళ్లు తమ జిల్లా ఆసుపత్రికి నేరుగా వెళ్లవచ్చు. బుద్ధి ఎదుగుదల గురించి లోతైన పరీక్షలు కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. కాజీపేటలో పొద్దున రైలెక్కితే పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు.

డాక్టరు ముందు కూర్చోగానే అడగాల్సినవన్నీ గాలికి పోతాయి. కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఈ స్థితి పేరేమిటి? చెవి, కంటి పరీక్షలు ఎప్పుడు? ఫిట్స్ వచ్చే అవకాశముందా? కాళ్లు బిగుసుకునే పిల్లయితే తుంటి ఎక్స్‌రే ఎన్ని నెలలకోసారి? డౌన్ సిండ్రోమ్ అయితే గుండె ఎకో, ఏటా థైరాయిడ్ పరీక్ష అడిగి మరీ చేయించాలి. ఆ పిల్లలు సగటున రెండేళ్ల దగ్గర నడుస్తారు కాబట్టి, పక్కింటి పిల్లతో పోల్చి బెంగపడకండి.

ఇంకొక మాట. సెరిబ్రల్ పాల్సీని పూర్తిగా నయం చేసే మందు ఇప్పటివరకు లేదు. ఆరు నెలల్లో నడిపిస్తామని మాతో ఒకచోట లక్షన్నర అడిగారు. మా ఆయన బంగారం కుదువ పెడదామన్నారు కూడా. ఆ రాత్రి లెక్క వేసుకుంటే, ఆ డబ్బుతో ఇంటి దగ్గర ఫిజియోథెరపీ ఎన్నేళ్లు చేయించవచ్చో తేలింది. బంగారం బీరువాలోనే ఉంది.

2. నోటుబుక్కు పెట్టండి, మెట్లు చిన్నవి చేయండి

కార్డులోని మెట్లు మన పిల్లలకు చాలా ఎత్తు. “కూర్చోవడం” అని ఒక్క మాటలో రాస్తారు గానీ, మా పాపకు దాని లోపల పదకొండు మెట్లున్నాయి. ఒక పనిని తీసుకుని పిల్ల ఇప్పుడు ఏం చేయగలదో అక్కడి నుంచి రాయండి. గ్లాసుతో నీళ్లు తాగడం మా నోటుబుక్కులో ఇలా ఉంది: గ్లాసు కనబడగానే చూసింది. చెయ్యి చాపింది. రెండు చేతులూ గ్లాసుకు ఆనించింది. నేను పట్టుకుంటే పెదవులు మూసి ఒక గుక్క మింగింది. ఒలకకుండా రెండు గుక్కలు. తనే ఎత్తింది, నేను అడుగు పట్టాను. తనే ఎత్తింది. మొదటి వాక్యానికీ చివరి వాక్యానికీ మధ్య పదమూడు నెలలు.

రోజూ రాయాలని పెట్టుకుంటే వారంలో మానేస్తారు. ఆదివారం రాత్రి నాలుగు వాక్యాలు చాలు. ఒకసారి ఒక పని మీదే దృష్టి పెట్టండి. నెలకోసారి ఫోనులో అర నిమిషం వీడియో తీసి తేదీ వేయండి. డాక్టరుకు మన మాటల కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

నేర్పేటప్పుడు వెనక నుంచి మొదలుపెట్టడం మా ఫిజియోథెరపిస్టు చెప్పిన చిట్కా. గౌను తొడిగేటప్పుడు తల, రెండు చేతులు మీరు దూర్చి, చివరగా పొట్ట మీదికి లాగే పని మాత్రం పిల్లకు వదలండి. పని పూర్తయిన సంతోషం తనదవుతుంది. అది వచ్చాక చివరి చెయ్యి, ఆ తర్వాత మొదటి చెయ్యి. ముందు నుంచి నేర్పితే పిల్ల మొదట్లోనే అలసిపోతుంది, మిగతాది మనమే చేసేస్తాం.

3. రోజువారీ పనులను థెరపీగా మార్చుకోండి

అన్నం తినిపించడంతో మొదలుపెడతాను. మేము ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే. అత్తమ్మ పాపను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, పప్పుచారు అన్నం పల్చగా కలిపి నోట్లో పోసేది. ప్రేమగా పెట్టేది, సందేహం లేదు. పాప ప్రతి ముద్దకూ దగ్గేది. ఏడాదిలో మూడుసార్లు నిమ్ము చేసింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని మాకు తట్టలేదు. మింగే పట్టు లేని పిల్లకు పల్చటి పదార్థం ఊపిరితిత్తుల వైపు జారుతుంది. తినేటప్పుడు దగ్గు, తిన్నాక గొంతులో గురగుర, మాటిమాటికీ నిమ్ము కనబడితే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

చేయాల్సింది ఇదీ. పిల్లను నిటారుగా కూర్చోబెట్టండి. గడ్డం కొద్దిగా కిందికి ఉండాలి, తల వెనక్కి వాలకూడదు. మీరు పిల్ల ఎదురుగా, కళ్లు కలిసే ఎత్తులో కూర్చోండి. నిలబడి పెడితే పిల్ల తల ఎత్తాల్సి వస్తుంది. లోతు లేని చిన్న చెంచాలో సగానికే తీసుకుని, నాలుక మధ్యలో కొంచెం అదిమి, పెదవులు మూసుకునేదాకా ఆగి చెంచా తీయండి. పై పళ్లకు రాసి తీయవద్దు. మింగడం చూశాకే రెండో ముద్ద. మెత్తగా పిసికిన పెరుగన్నం, చిక్కటి రాగి జావ, జొన్న గట్క జారిపోవు కాబట్టి పల్చటి చారన్నం కన్నా తేలిక. పల్లీలు, సకినాలు, సర్వపిండి ముక్కలు ఎవరు పెట్టబోయినా చెయ్యి పట్టుకుని ఆపండి. తిన్నాక అరగంట పడుకోబెట్టవద్దు. మొదట్లో ఒక్కో పూటకు ముప్పావుగంట పడుతుంది. ఆ సమయంలో టీవీ ఆపేయండి, మీకోసం కూడా.

చెంచా పట్టుకునే ఓపిక వచ్చాక, సన్నటి కాడ పిడికిట్లో నిలవదు. సైకిలు హ్యాండిలుకు తొడిగే రబ్బరు గ్రిప్పు కొని చెంచా కాడకు ఎక్కించాం. దుకాణదారు ఒకటే అమ్మనన్నాడు, జత కొన్నాం. రెండోది ఇప్పుడు పాప బ్రష్షుకు ఉంది.

కుర్చీ మీద డబ్బు పెట్టడానికి వెనుకాడకండి. బజారు ప్లాస్టిక్ కుర్చీలో పిల్ల జారుతూనే ఉంటుంది, ఒళ్లంతా దాన్ని ఆపుకోవడానికే సరిపోతుంది. వడ్రంగికి ఈ కొలతలు ఇవ్వండి. వెన్ను ఆనించి కూర్చున్నప్పుడు సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. తుంటి, మోకాలు, చీలమండ మూడూ లంబకోణంలో వచ్చేలా పాదాల కింద పలక కావాలి. మోచేతుల ఎత్తులో ముందు బల్ల. కాళ్లు కత్తెరలా దగ్గరికి వచ్చే పిల్లయితే రెండు తొడల మధ్య నున్నగా చిత్రిక పట్టిన చిన్న చెక్క దిమ్మ. గుడ్డ బెల్టు పొట్ట మీద కాదు, తుంటి మీదుగా కట్టాలి. మాకు చెక్కా కూలీ కలిపి రెండు వేల లోపే అయింది. పాప ఎదిగినకొద్దీ రెండుసార్లు పాదాల పలక దించాం. చేయించే ముందు ఒకసారి ఫిజియోథెరపిస్టుకు కొలతలు చూపిస్తే మంచిది.

బట్టలు తొడిగేటప్పుడు బిగుసుకున్న చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. పిడికిలి విప్పడానికి వేళ్లు పట్టి లాగితే ఇంకా బిగుస్తుంది. మణికట్టును మెల్లగా లోపలికి వంచితే వేళ్లు వాటంతట అవే తెరుచుకుంటాయి. స్నానానికి ముందు నూనె రాయడంలో తప్పు లేదు, గోరువెచ్చటి నీళ్లకు కండరాలు కాస్త వదులవుతాయి కూడా. ఆ వదులులోనే చెప్పిన వ్యాయామాలు చేయించండి. కాళ్లు బలవంతంగా చాపడం, మెలితిప్పడం మాత్రం ఎంత చేయి తిరిగిన మనిషైనా చేయనివ్వవద్దు. ఎత్తుకునేటప్పుడు మన తల్లులు ఎత్తుకున్నట్టే చంకన, కాళ్లు చెరో వైపు వచ్చేలా ఎత్తుకోండి. కత్తెర కాళ్లకు అది మంచి సాగదీత.

4. ఫిట్స్ వస్తే

పిల్లను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేయండి. గడియారం చూడండి. నోట్లో చెంచా, నీళ్లు, వేలు ఏదీ పెట్టవద్దు. తాళంచెవి, ఉల్లిగడ్డ అంటూ చేతికి ఏవో ఇచ్చేవారికి దూరంగా ఉండమని చెప్పే పని ఇంట్లో ఒకరికి అప్పగించండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి వెంటనే రెండోది వచ్చినా 108కి ఫోను చేయాలి. ఫిట్స్ మందును డాక్టరు చెప్పకుండా ఒక్కపూట కూడా మానకూడదు. ఉపవాసం, ప్రయాణం, చుట్టాల హడావిడి, ఏదీ సాకు కాదు.

5. మాట రాకపోయినా సంభాషణ ఉంది

పెద్దవాళ్లం మాట్లాడి వెంటనే మనమే జవాబు చెప్పేస్తాం. “పాలు కావాలా? కావాలి కదా, ఇదిగో.” పిల్లకు చోటెక్కడుంది? అడిగి, మనసులో పది దాకా లెక్కపెట్టండి. మొదట్లో ఆ పది చాలా పొడవుగా అనిపిస్తుంది. మా పాప ఏడో అంకె దగ్గర కళ్లు తిప్పేది. రెండు వస్తువులు చూపించి ఎంచుకోనివ్వండి: ఎర్ర గౌనా, పసుపుదా? అరటిపండా, జావా? ఇంట్లోని గ్లాసు, పళ్లెం, బాత్రూం, నాన్న, వీటి ఫొటోలు తీసి అట్టల మీద అంటించి గోడకు పిల్ల కళ్ల ఎత్తులో పెట్టండి. బొమ్మలు వాడితే మాట రాదనే భయం వద్దు. చెబితే పని జరుగుతుందని తెలిసిన పిల్లే మాటకు ప్రయత్నిస్తుంది.

6. ఇంట్లోవాళ్లకు పని పంచండి

తల్లి ఒక్కతే అన్నీ నేర్చుకుంటే ఆమెకు జ్వరం వచ్చిన రోజున ఇల్లు ఆగిపోతుంది. మేము రాత్రి వ్యాయామాలు మా ఆయనకు, పొద్దుటి జావ అత్తమ్మకు ఇచ్చేశాం. అత్తమ్మను ఒప్పించడం తేలిక కాలేదు. “నేను ముగ్గురిని పెంచాను బిడ్డా, నాకు అన్నం పెట్టడం నేర్పుతావా?” అంది. నేను చెబితే వినదని తెలిసి, తర్వాతిసారి డాక్టరు దగ్గరికి ఆమెనే తీసుకెళ్లాను. ఆయన ఆమెతో నేరుగా, “అమ్మా, మీ చేతి ముద్దే పాపకు ఇష్టమట, కాస్త కూర్చోబెట్టి పెట్టండి” అన్నారు. ఆ రోజు నుంచి ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ గడ్డం ఎంత వంచాలో ఆమే చెబుతోంది.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లను చిన్న తల్లిదండ్రులను చేయకండి. మా పెద్దవాడికి ఒక్కటే పని, చెల్లి బంతి విసిరితే తెచ్చివ్వడం. ఆదివారం సాయంత్రం మాత్రం వాడిని ఒక్కడినే భద్రకాళి చెరువు గట్టుకు తీసుకెళ్తాం.

7. కాగితాలు

ఇది విసుగు పని, అయినా ముందే చేయండి. ముందుగా వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు). మీసేవలో అడిగితే దరఖాస్తు, శిబిరం వివరాలు చెబుతారు. చిన్నపిల్లలకు చాలాసార్లు తాత్కాలిక పత్రమే ఇస్తారు, గడువు తేదీని నోటుబుక్కు అట్ట మీద రాయండి. శిబిరానికి పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి, పిల్లకు జావ డబ్బా కూడా, ఎందుకంటే పొద్దు గడిచిపోతుంది.

వైకల్యం 40 శాతం, ఆపైన (వినికిడి లోపమైతే 51 శాతం) ఉంటే తెలంగాణలో పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. 2023లో ఇది నెలకు 4,016 రూపాయలైంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చుతో సహా వస్తుంది. చేరడానికి వైద్య పరీక్షలు అడగరు. బిల్లులు మాత్రం ఒక్కటీ పారేయవద్దు. తోడు లేకుండా ప్రయాణించలేని పిల్లకూ తోడుకూ స్లీపరు రైలు టికెట్టులో 75 శాతం రాయితీ ఉంది. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి, నర్సంపేట, పరకాల నుంచి హన్మకొండకు థెరపీకి వచ్చే తల్లులకు నెలకు పెద్ద ఖర్చే తప్పింది.

8. బడి, అక్షరాభ్యాసం

మూడేళ్లకు అంగన్‌వాడీకి పంపండి, రోజూ గంట అయినా సరే. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు నేర్పుతారు, నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపీ శిబిరం పెడతారు. కదలలేని పిల్లలకు ఉపాధ్యాయులే ఇంటికి వస్తారు. రవాణా భత్యం, తోడు వచ్చేవారికి భత్యం గురించి అడగండి, అడగకపోతే చెప్పకపోవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచిత విద్య హక్కు. మాకు ఒక బడి “మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరు” అంది. చట్టం పేరు, సంవత్సరం రాసి, జవాబు రాతపూర్వకంగా ఇవ్వమన్నాను. మరునాడు సీటు ఉందని ఫోను వచ్చింది. ఆ బడికి పంపలేదు లెండి, వేరే మంచి టీచరు దొరికింది.

అక్షరాభ్యాసం మాత్రం వాయిదా వేయవద్దు. బాసరకు వసంత పంచమి నాడు కాకుండా మామూలు రోజున వెళ్లాం. బియ్యం మీద పాప పిడికిలి విప్పడానికి మా ఆయన మణికట్టు వంచి ఆగారు. వెనక వరుస కదులుతోంది, పంతులుగారు మాత్రం తొందరపెట్టలేదు. చూపుడు వేలు బియ్యంలో దిగి అడ్డంగా ఒక గీత గీసింది. అది ఓం కాదు, అ కూడా కాదు. నోటుబుక్కులో తేదీతో ఉంది.

9. జాతరలు, పెళ్లిళ్లు, బతుకమ్మ

ఇంట్లో కూర్చోవడం అలవాటు కానివ్వవద్దు. మేడారానికి అసలు జాతర రోజుల్లో వద్దు, ముందు వారాల్లోనే చాలామంది మొక్కులు తీర్చుకుంటారు. నిలువెత్తు బంగారం, అంటే మొక్కుకున్న మనిషి బరువుకు సరితూగే బెల్లం, తూచడానికి బెల్లం దుకాణంలో పాప కాటా మీద కూర్చోలేకపోతే, వాళ్ల నాన్న ఎత్తుకుని నిలబడ్డారు. తర్వాత ఆయన బరువు తీసేశారు. మొదట లెక్క తప్పి రెండు కిలోలు ఎక్కువ వచ్చింది. “అమ్మవారికి ఎక్కువైతే ఏమిటి?” అన్నాడు దుకాణదారు, డబ్బులు తీసుకుంటూ.

పెళ్లికి వెళ్తే బ్యాండు వచ్చే ముందే ఒక మూల గది చూసుకోండి. డప్పు చప్పుడుకు భయపడే పిల్లలకు చెవులు మూసే హెడ్‌ఫోను ఉంచండి. ఆటిజం పిల్లలకు ముందురోజే ఫొటోలు చూపిస్తూ, మొదట బస్సు, తర్వాత అన్నం, తర్వాత ఇల్లు అని చెప్పిపెట్టండి. జావ, ఒక జత బట్టలు, మందు మన సంచీలోనే ఉండాలి.

“ఏ జన్మ పాపమో” అనేవాళ్లు ఎదురవుతారు. జవాబు ముందే తయారుగా ఉంటే ఏడుపు రాదు. నాది ఇది: “పాప పేరు అడగండి పెద్దమ్మా, తను చేయి ఊపుతుంది.” తొంభై శాతం మంది అడుగుతారు. మిగతావాళ్ల కోసం అన్నం చల్లారనివ్వడం దండగ.

సద్దుల బతుకమ్మ నాడు పళ్లెంలో పూల వరుసలు పేర్చేటప్పుడు పాపను కుర్చీలో పక్కనే ఉంచి తంగేడు పూలు తీసి ఇమ్మన్నాం. మొదటి ఏడు నలిపేసింది. రెండో ఏడు మూడు పూలు నలగకుండా వచ్చాయి.

పోయిన సంక్రాంతికి వంటింటి గడప దగ్గర నుంచి దేవుడి గది దాకా, వాకర్‌తో నాలుగు అడుగులు వేసింది. ఐదోది మేమూ లెక్కపెట్టాం, మా ఆయన ఒప్పుకోలేదు. అత్తమ్మ ఆ రోజే బియ్యం నానబోసింది. మరునాడు అరిసెలు వండి, ఆనవాయితీ ప్రకారం పాప ముందు వరుసగా పరిచింది. కాలు పడేలోపే వాకర్ ముందు చక్రం ఒక అరిసె మీదికి ఎక్కింది. బెల్లం పాకం ఇరుసులోకి పోయి చక్రం తిరగడం మానేసింది. వేడినీళ్లు, పాత బ్రష్షు పెట్టి ఇద్దరం గంటసేపు తోమాం. అయినా వారం రోజులు ఆ వాకర్‌కు చీమలు పడుతూనే ఉన్నాయి.